పాత ఎంజీబీకి కొత్త కాళ్లు: ఏ సస్పెన్షన్ ఎవరికి?

ముందు చక్రాన్ని జాకీతో నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపి చూడండి. నా 1972 ఎంజీబీ రోడ్‌స్టర్‌కు, అంటే పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు, మొదటిసారి అలా చేసినప్పుడు 'టక్' మంది. బేరింగు వదులైందేమో అనుకున్నాను. మా ఆవిడను బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపాను. దోషం బేరింగుదైతే బ్రేకు పట్టగానే ఆ చప్పుడు పోవాలి. పోలేదు. టార్చి వేసి చూస్తే కదులుతున్నది షాక్ అబ్జార్బర్ చెయ్యి. అది తిరిగే ఇరుసు తన గూట్లోనే అరిగిపోయింది. చుట్టూ నల్లటి నూనె జిడ్డు పేరుకుని ఉంది.

ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని, మెరిసే అల్యూమినియం చేతులూ ఎర్రటి స్ప్రింగులూ ఉన్న సస్పెన్షన్ కిట్ల బొమ్మలు చూస్తూ రెండు గంటలు గడిపాను. పాత స్పోర్ట్స్ కారు కొన్నవారంతా ఏదో ఒక రాత్రి ఈ పని చేస్తారు. ఆ తర్వాత మూడేళ్లలో కొన్ని నేనే బిగించాను, కొన్ని కొని అమ్మేశాను, కొన్నింటిని మిత్రుడు తన షెడ్డులో చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఏది ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను. నేను ఉండేది ఇంగ్లండులో కాబట్టి విడిభాగాల సంగతీ చట్టాల సంగతీ ఎక్కువగా ఇక్కడివే. హైదరాబాదులోనో విశాఖలోనో పాత కారు పెట్టుకున్నవారికి పనికొచ్చే మాటలు దారిలో వస్తాయి.

1962 నుంచి 1980 వరకు అబింగ్డన్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. మనకు దీనితో చుట్టరికం ఉంది. బానెట్ కింద ఉన్న 1798 సీసీ ఇంజను బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబానిది. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ ఇంజను దానికి అన్న వరస. వెనక భాగం కూడా అంబాసిడర్‌లాగే ఉంటుంది: రెండు చక్రాలనూ కలిపే ఒకే బిగుసు ఇరుసు, దాన్ని మోసే కమాను పట్టీలు. అంబాసిడర్ కింద ఒకసారైనా పడుకుని చూసినవారికి ఎంజీబీ వెనక వైపు కొత్తేమీ కాదు.

తమాషా అంతా ముందు వైపే. అక్కడి షాక్ అబ్జార్బరు మనం మోటారు సైకిళ్లకు చూసే గొట్టంలా ఉండదు. ఆఫీసు తలుపు దానంతటదే మెల్లగా మూసుకునేలా పైన బిగించే పెట్టె ఉంటుంది కదా, అలాంటిది: ఇనుప పెట్టె, లోపల నూనె, పిస్టన్లు, బయటికి ఒక చెయ్యి. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ లీవర్ షాక్ ఇది. ఆ చెయ్యే సస్పెన్షన్‌కు పై విష్‌బోన్, అంటే చక్రాన్ని పైన పట్టి ఉంచే చెయ్యి కూడా. ఒకే ముక్క చేత రెండు ఉద్యోగాలు చేయించారన్నమాట. అందుకే అది అరిగితే కుదుపు ఆగకపోవడంతో సరిపోదు, చక్రం నిలబడే కోణమే తప్పుతుంది.

మార్పులు చేయాలనుకునేవారికి ఈ కారులో ఉన్న గొప్ప సౌకర్యం ఇంకొకటి. ముందు సస్పెన్షన్ మొత్తం, స్టీరింగ్ రాక్‌తో సహా, ఒకే అడ్డ దూలం మీద కూర్చుంటుంది. ఆ క్రాస్‌మెంబర్‌ను చాసిస్ పట్టాలకు నాలుగు పొడవాటి బోల్టులు పట్టి ఉంచుతాయి, మధ్యలో రబ్బరు దిండ్లు ఉంటాయి. బ్రేకు గొట్టాలూ స్టీరింగ్ కాలమూ విడదీస్తే ఇద్దరు మనుషులు ఒక రోజులో దాన్ని దించగలరు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే కింద చెప్పే పోలిక సగం తేలికవుతుంది. ఏ మార్పు చూసినా నేను మొదట అడిగేది ఒకటే: నచ్చకపోతే వెనక్కి మార్చగలమా?

పోల్చే ముందు కారును కారులా చేయండి

"మా కారు పడవలా ఊగుతోంది, ఆధునిక సస్పెన్షన్ వేయాలి" అనేవారిలో చాలామంది అసలైన ఎంజీబీ సస్పెన్షన్ ఎలా ఉంటుందో చూసి ఉండరు. వారు నడిపింది యాభై ఏళ్లు అరిగిన సస్పెన్షన్‌ను. దాన్ని కొత్త కిట్‌తో పోలిస్తే ఏ కిట్టయినా గెలుస్తుంది.

టైర్లతో మొదలుపెట్టండి. టైరు పక్కన నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 2411 అని ఉంటే అది 2011లో 24వ వారం తయారైనది. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాళ్లు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం చెక్కలా గట్టిపడిపోతుంది. నా కారుకు కొత్త టైర్లు నాలుగు వేసిన రోజు వచ్చిన మార్పు, ఆ తర్వాత వేసిన ఏ ఖరీదైన సామానుతోనూ అంతగా రాలేదు. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది కానీ నిజం.

తర్వాత వెనక ఇరుసుకూ దాని పైనున్న రబ్బరు దిమ్మకూ మధ్య ఖాళీ ఎంత ఉందో చూడండి. కమాను పట్టీలు వంపు పోయి చదునైతే ఆ ఖాళీ పోతుంది. చిన్న గుంతకే ఇరుసు వెళ్లి దిమ్మను గుద్దుతుంది. నడిపేవారికి అది 'బండి గట్టిగా ఉంది' అనిపిస్తుంది. షాకులు మార్చేస్తారు. ఏమీ మారదు, ఎందుకంటే కారు ప్రయాణం చేస్తున్నదే ఆ దిమ్మ మీద.

చివరిగా సిల్లులు, అంటే తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె దూలాలు. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కాబట్టి బండి వెన్నెముక అదే. వాటిలో తుప్పు ఉంటే సస్పెన్షన్ సంగతి పక్కన పెట్టి వెల్డింగ్ చేసేవాడిని పిలవండి. స్ప్రింగు ఎంత గట్టిదైతే బాడీ మీద అంత భారం పడుతుంది. కుళ్లిన సిల్లు మీద గట్టి స్ప్రింగు వేస్తే వంగేది సిల్లే. జాకీ వేసి ఎత్తినప్పుడు తలుపు అంచు దగ్గర సందు మారుతోందా చూడండి. మారితే జవాబు దొరికినట్టే.

మొదటి దారి: ఉన్నదాన్నే కొత్తది చేయడం

నూటికి ఎనభై మందికి నా సలహా ఇదే. ఈ లెక్క నా నోటిది, ఏ సర్వేదీ కాదు.

చేయాల్సిన పనులు: లీవర్ షాకులను బాగు చేయించడం, కింది విష్‌బోన్ బుష్‌లు (కీలు దగ్గర ఉండే రబ్బరు తొడుగులు) మార్చడం, కింగ్‌పిన్లు (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే నిలువు మొలలు) అరిగి ఉంటే మార్చడం, వెనక కొత్త కమాను పట్టీలు. బుష్‌ల విషయంలో ఎంజీబీ వారి మధ్య తరతరాలుగా నడుస్తున్న చిట్కా ఒకటుంది. 1973–76 మధ్య వచ్చిన, ఎనిమిది సిలిండర్ల ఇంజనున్న ఎంజీబీ జీటీ వీ8 కారుకు వేసిన రబ్బరు బుష్‌లు మామూలు ఎంజీబీకి కూడా సరిపోతాయి. లోహపు గొట్టానికి రబ్బరును అతికించి చేసినవి కాబట్టి మామూలు వాటికంటే చాలా కాలం మన్నుతాయి. ధర తేడా స్వల్పం. పాలీయురేథేన్ బుష్‌లు కూడా దొరుకుతాయి. నేను వేశాను, ఆరు నెలలకు తీసేశాను. చలికాలంలో మంచం కిర్రుమన్నట్టు ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఒక చప్పుడు. రేసు ట్రాక్ మీద తిప్పేవారి లెక్క వేరు.

లీవర్ షాకుల దగ్గర జాగ్రత్త. నేను మొదట 'పునర్నిర్మించినవి' అని చెప్పి అమ్మిన జత ఒకటి కొన్నాను. నల్లటి రంగుతో నిగనిగలాడుతూ వచ్చాయి. నాలుగు నెలలకు గ్యారేజీ నేల మీద మళ్లీ నూనె మరక. విప్పించి చూస్తే లోపల జరిగిన పునర్నిర్మాణమంతా పైపై రంగే. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "చెయ్యి తిరిగే ఇరుసు గూటిని పెద్దది చేసి కొత్త బుష్ వేశారా, సీలు మాత్రమే మార్చారా?" సీలు మాత్రమే మార్చారంటే డబ్బు మిగుల్చుకోండి. ఇరుసు ఊగుతూ ఉంటే ఏ సీలూ నిలవదు.

ఇక యాంటీ రోల్ బార్. మలుపులో బండి పక్కకు ఒరగకుండా రెండు ముందు చక్రాలనూ కలిపే ఇనుప కడ్డీ ఇది. దీని గట్టితనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 9/16 అంగుళం కడ్డీ తీసి ముప్పావు అంగుళం కడ్డీ పెడితే చేతికి పెద్ద తేడా తెలియదు, గట్టితనం మాత్రం మూడింతలు దాటుతుంది. ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చే సామాను ఈ కారులో మరొకటి లేదు. అలాగని ఇంకా లావుదే మేలని 7/8 అంగుళం వరకు వెళ్తే, తడి రోడ్డు మీద కారు తిరగాల్సిన చోట తిరగకుండా ముందుకు జారడం మొదలవుతుంది.

ఖర్చు మొత్తం కలిపి వందల పౌండ్లలో ముగుస్తుంది. మామూలు పానాలు, జాకీ, ఒక స్ప్రింగు కంప్రెసర్ ఉంటే చాలు. లోపం కూడా చెప్పాలి: కింగ్‌పిన్లకు గ్రీజు పట్టించడం మానకూడదు, అది కూడా చక్రాన్ని పైకి లేపి బరువు లేకుండా చేసి పట్టించాలి. లేకపోతే గ్రీజు వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. ఏడాదికి రెండు ఆదివారాలు దీనికి పోతాయి. ఆ రెండు ఆదివారాలు ఎవరికి భారమో వారు కింది భాగం శ్రద్ధగా చదవండి.

రెండో దారి: గొట్టపు షాకుల బ్రాకెట్లు

ఇవి చౌకగా దొరుకుతాయి, సులువుగా దిగుతాయి. వెనక లీవర్ షాకులు తీసేసి, వాటి బోల్టు రంధ్రాలకే బ్రాకెట్ బిగించి టెలిస్కోపిక్ షాకులు పెడతారు. ముందు వైపు కిట్లలో పాత లీవర్ చేతిని పై విష్‌బోన్‌గా అలాగే ఉంచి, అదనంగా ఒక గొట్టం వేలాడదీస్తారు.

వెనక వైపు ఇది ఫర్వాలేదు. గట్టితనం మార్చుకోగల షాకులు కొంటే కమాను పట్టీలకు తగ్గట్టు సర్దుకోవచ్చు. అమ్మినవాడు పెట్టిన చోటే వదిలేస్తే సాధారణంగా మరీ గట్టిగా ఉంటాయి, తగ్గించి చూడండి. ముందు వైపు కిట్ మాత్రం నాకు నచ్చదు. అరిగేది ఆ లీవర్ చెయ్యి ఇరుసే కదా. దాన్ని అక్కడే ఉంచి పక్కన కొత్త గొట్టం పెడితే, కారుతున్న కుళాయి కింద బకెట్టు పెట్టినట్టు.

మూడో దారి: బోల్టులతో దిగే కాయిలోవర్ ముందు భాగం

'ఆధునిక సస్పెన్షన్' అనే మాటకు తగిన మొదటి అడుగు ఇది. లీవర్ షాకులు, కింగ్‌పిన్లు, పాత స్ప్రింగులు అన్నీ పోతాయి. వాటి స్థానంలో నిజమైన పై విష్‌బోన్, బాల్ జాయింట్లు, స్ప్రింగు లోపల షాకు ఇమిడిన కాయిలోవర్ వస్తాయి. కొన్ని కిట్లు పాత క్రాస్‌మెంబర్ మీదే బిగుస్తాయి, కొన్ని కొత్త క్రాస్‌మెంబర్‌తోనే వస్తాయి. ఇంగ్లండులో హోయిల్, ఫ్రంట్‌లైన్ వంటి సంస్థలు వీటికి పేరు పొందాయి. ధర వేల పౌండ్లలోకి వెళ్తుంది.

దీనివల్ల వచ్చే లాభం కుదుపు తగ్గడం కంటే కోణాల్లో ఎక్కువ. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం ఎంజీబీ ముందు చక్రానికి క్యాంబర్ 1 డిగ్రీ పాజిటివ్, అంటే చక్రం పై అంచు బయటికి వాలి ఉంటుంది. క్యాస్టర్, అంటే చక్రం తిరిగే కింగ్‌పిన్ పై కొస వెనక్కి వాలిన కోణం, 7 డిగ్రీలు. ఇవి సన్నటి పాత టైర్ల కాలంనాటి నిర్ణయాలు. వెడల్పాటి రేడియల్ టైర్లు వేసిన కారుకు ఆ క్యాస్టర్ వల్ల స్టీరింగ్ బరువెక్కుతుంది. పార్కింగులో భుజాలు నొప్పి పుట్టేది అందుకే. అసలు అమరికలో క్యాంబర్ సర్దుకోవడానికి వీలే లేదు. కాయిలోవర్ కిట్లలో క్యాస్టర్ తగ్గుతుంది, మంచి కిట్లలో క్యాంబర్‌ను కొద్దిగా నెగెటివ్‌కు సర్దుకోవచ్చు. మలుపు మొదట్లోనే ముందు భాగం మన మాట వినడం మొదలుపెడుతుంది. స్టీరింగ్ బరువు ఒక్కటే మీ ఫిర్యాదైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. క్రాస్‌మెంబర్ దగ్గర పెట్టే ఏటవాలు ఇనుప ముక్కలు దొరుకుతాయి, అవి క్యాస్టర్‌ను తగ్గిస్తాయి.

కిట్లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు అందరూ పడే గోతి స్ప్రింగు సంఖ్య. ఒక కిట్‌లో 350 పౌండ్ల స్ప్రింగు (అంగుళం నొక్కడానికి అంత బరువు కావాలి), మరో కిట్‌లోనూ 350 పౌండ్ల స్ప్రింగు, కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. కానే కావు. స్ప్రింగు విష్‌బోన్ మీద ఎక్కడ కూర్చుందన్నదే ముఖ్యం. చేతి పొడవులో సరిగ్గా సగం దగ్గర కూర్చుంటే చక్రం దగ్గర దాని గట్టితనం నాలుగో వంతే, అంటే 87.5 పౌండ్లు. అదే స్ప్రింగు పొడవులో 80 శాతం దగ్గర కూర్చుంటే 224 పౌండ్లు. ఒకే స్ప్రింగుతో ఒకటి పల్లకీ, ఒకటి రోకలి. "చక్రం దగ్గర గట్టితనం ఎంత?" అని అడగండి. జవాబు చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

రెండో ప్రశ్న: షాకు పై కొస ఎక్కడ ఆనుతోంది? ఎంజీబీలో ముందు చక్రం దెబ్బ మొత్తం క్రాస్‌మెంబర్ ద్వారా చాసిస్ పట్టాలకు వెళ్తుంది. లోపలి మడ్‌గార్డు రేకు ఆ భారం మోయడానికి చేసింది కాదు. కాయిలోవర్ పై కొసను క్రాస్‌మెంబర్ నుంచే లేచే స్తంభానికి బిగించిన కిట్ సరైనది. రేకుకు రంధ్రం చేయమనే కిట్ అయితే బొమ్మ చూసి మూసేయండి.

మూడోది, ఇరవై ఏళ్ల తర్వాతి ప్రశ్న. బాల్ జాయింటూ బుష్‌లూ ఏ కారువి? లక్షల్లో తయారైన ఏ సాధారణ కారువో అయితే 2045లోనూ దొరుకుతాయి. కిట్ చేసే సంస్థ సొంతంగా లేతు మీద చేసుకున్నవైతే ఆ సంస్థ ఉన్నంత వరకే. లీవర్ షాకు ఎంత పాతదైనా దాన్ని బాగు చేసేవారు ఇంకా ఉన్నారు. మూతపడిన చిన్న సంస్థ చేసిన జాయింటుకు విడిభాగం ఎవరు చేస్తారు?

మీ కారుకు తీగల చక్రాలుంటే హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) సంగతి కూడా ముందే అడగాలి. కొత్త హబ్ వస్తే వాటికి అడాప్టర్లు కావాలి, లేదా ఆ చక్రాలను వదులుకోవాలి.

వెనక వైపు: కమాను పట్టీలను ఎప్పుడు తీసేయాలి

చాలామంది ఇక్కడ తొందరపడతారు. కమాను పట్టీ అంటే ఎద్దుబండి కాలంది, స్వతంత్ర సస్పెన్షన్ అంటే కొత్త కాలంది అని లెక్క వేస్తారు. మన దేశంలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు వెనక స్వతంత్ర సస్పెన్షనే, స్వింగ్ యాక్సిల్ రకం. గట్టిగా మలుపు తిప్పితే వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక ఎత్తేది. 1972లో దాని స్థానంలో గజెల్ తెచ్చినప్పుడు కంపెనీ బిగుసు ఇరుసే వేసింది. స్వతంత్రమా కాదా అన్నదాని కంటే, చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు దాని కోణం ఎలా మారుతోందన్నది ముఖ్యం.

ఇంకో సాక్ష్యం ఎంజీ వారిదే. 1992లో పాత ఎంజీబీ రూపాన్ని మళ్లీ తెచ్చి ఆర్‌వీ8 అని ప్రకటించారు. 3.9 లీటర్ల వీ8 ఇంజను, 190 హార్స్‌పవర్. రెండు వేలకు కాస్త తక్కువగా తయారైన ఆ కార్లలో ఎక్కువ భాగం జపానుకు వెళ్లాయి. దానికి ముందు వైపు లీవర్ షాకులు తీసేసి కాయిలోవర్లు వేశారు. వెనక మాత్రం అవే కమాను పట్టీలు, అదే బిగుసు ఇరుసు. గొట్టపు షాకులూ, ఇరుసు మెలితిరగకుండా పట్టే కడ్డీలూ చేర్చారంతే. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో ఫ్యాక్టరీ వారి లెక్క అది. 190 హార్స్‌పవర్‌కు సరిపోయింది 95 హార్స్‌పవర్ బి-సిరీస్‌కు చాలదా?

అందుకే మామూలు ఇంజను ఉంటే కొత్త కమాను పట్టీలతో ఆగిపోండి. వీ8 వేశారు, బలంగా బయలుదేరితే ఇరుసు దడదడలాడుతోంది అంటే దాన్ని పట్టే కడ్డీలు చేర్చండి. అది కూడా చాలకపోతే అప్పుడు నాలుగైదు లింకుల అమరిక, లేదా హోయిల్ వంటివారు చేసే పూర్తి స్వతంత్ర వెనక భాగం. ఈ చివరిది నడిపి చూశాను. గతుకుల పల్లె దారిలో మలుపు మధ్య గుంత వస్తే పాత కారు పక్కకు ఒక అడుగు గెంతుతుంది, ఇది గెంతదు. అద్భుతంగా ఉంది. ఆ డబ్బుతో మరో ఎంజీబీ ప్రాజెక్టు కారు కొనవచ్చన్నది కూడా నిజమే.

నాలుగో దారి: ఎంఎక్స్-5 కాళ్లు తెచ్చి అతికించడం

మాజ్డా ఎంఎక్స్-5 1989లో వచ్చింది. పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల మీద ప్రేమతో జపాను వారు చేసిన కారు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్, ముందూ వెనకా విడివిడి సబ్‌ఫ్రేమ్‌లు, అంటే సస్పెన్షన్‌ను మోసే చట్రాలు. తుప్పు పట్టిన ఎంఎక్స్-5లు ఇక్కడ చవకగా దొరుకుతాయి. రెండు సబ్‌ఫ్రేమ్‌లు దించి ఎంజీబీ కింద పెడితే సరి అనిపిస్తుంది. కాగితం మీద ఇంత అందమైన ఆలోచన మరొకటి లేదు.

టేపు తెచ్చి కొలవండి. ఎంజీబీ ముందు చక్రాల మధ్య దూరం 1245 మిల్లీమీటర్లు. ఎంఎక్స్-5ది సుమారు 1410. అంటే ఒక్కో వైపు చక్రం నాలుగు వేళ్ల వెడల్పు బయటికి వస్తుంది. ఎంఎక్స్-5 చక్రాలు ముందే బాగా లోపలికి కూర్చునేలా చేసినవి, ఇంకా లోపలికి తేవడానికి పెద్దగా చోటు లేదు. మడ్‌గార్డులు కోసి వెడల్పు చేయాలి, లేదా విష్‌బోన్లను పొట్టి చేయాలి. పొట్టి చేస్తే మాజ్డా ఇంజనీర్లు కూర్చిన కోణాలన్నీ పోతాయి. అవి పోయాక దాన్ని తెచ్చుకున్న లాభం ఏమిటి? చక్రం నట్ల అమరిక కూడా వేరు: ఎంజీబీది 4×114.3 (114.3 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు నట్లు), మాజ్డాది 4×100.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. సబ్‌ఫ్రేమ్ అంటే సస్పెన్షన్‌లో సగమే. మిగతా సగం షాకు పై కొస ఆనే స్తంభం, అది మాజ్డా బాడీలో ఉండిపోతుంది. ఎంజీబీ బాడీలో ఆ చోట పల్చటి రేకు తప్ప ఏమీ లేదు. అక్కడ కొత్త స్తంభాలు కట్టి, వాటి బలాన్ని చాసిస్ పట్టాలకు చేర్చాలి. ముందు సబ్‌ఫ్రేమ్ ఎంజీబీ ఇంజనుకు అడ్డం వస్తే ఇంజను కూడా మాజ్డాదే పెట్టాలనిపిస్తుంది. అప్పుడు గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ, వాటిని కలిపే ఫ్రేమూ వస్తాయి, వాటితో వైరింగూ వస్తుంది. సూది కోసం వెళ్లి దుకాణం మొత్తం కొన్నట్టు.

మా మిత్రుడు ఇదే చేస్తున్నాడు. అతను వృత్తి రీత్యా ఫ్యాబ్రికేటర్, వెల్డింగ్ అతనికి అన్నం తినడమంత సులువు. అతని కారు ఇంకా నాలుగు స్టాండ్ల మీదే ఉంది. ఎడమ స్తంభాన్ని రెండుసార్లు కోసి మళ్లీ కట్టాడు, ఎందుకంటే మొదటిసారి కుడిదానికంటే 6 మిల్లీమీటర్లు వెనక్కి పడింది. అతనికి అందులో ఆనందం ఉంది, నేను కాదనను. కానీ అతను కారు నడపడం లేదు, కారు తయారు చేస్తున్నాడు. మీకు కావలసింది ఈ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోండి.

చట్టం ఏమంటుంది

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు ఏటేటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. గత 30 ఏళ్లలో కారును గణనీయంగా మార్చి ఉంటే ఆ మినహాయింపు పోవచ్చు. సస్పెన్షన్ రకాన్ని మార్చడం ఆ జాబితాలో ఉంది, భద్రత పెంచే మార్పులకు సడలింపూ ఉంది. బాగా మార్చిన కార్ల రిజిస్ట్రేషన్ నిబంధనలను 2025లో సవరించారు. కాబట్టి పాత సలహాలు నమ్మకుండా, బాడీని కోయడానికి ముందే తాజా నిబంధనలు చదవండి. బీమా సంస్థకు చెప్పకుండా ఏదీ చేయవద్దు.

భారతదేశంలో ఇది ఇంకా బిగువు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో దీన్ని గట్టిగా చెప్పింది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనానికే 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. హైదరాబాదులో ఉన్న మీ పాత కారుకు సబ్‌ఫ్రేమ్ మార్పిడి చేయడమంటే ఆ నంబరు మీద ఆశ వదులుకోవడమే. మొదటి దారిలో చెప్పినవి మాత్రం మరమ్మతులు, వాటికి భయపడనక్కర్లేదు.

ఎవరు ఏది

ఆదివారం పొద్దున నలభై మైళ్లు తిరిగి వచ్చేవారికి మొదటి దారి, కొత్త టైర్లు, ముప్పావు అంగుళం బార్. ఇక ఆలోచించకండి. వారం వారం దూరాలు పోతూ, గ్రీజు గన్ను పట్టుకోవడం ఇష్టం లేనివారికి ముందు కాయిలోవర్, వెనక కొత్త కమాను పట్టీలూ గొట్టపు షాకులూ. వీ8 వేసినవారు ముందు కాయిలోవర్‌తో మొదలుపెట్టి వెనక కడ్డీలు చేర్చుకోవాలి. స్వతంత్ర వెనక భాగం గురించి ఒక ఏడాది నడిపాక ఆలోచించాలి. మాజ్డా దారి వెల్డింగ్ వచ్చి, నడపడానికి ఇంకో కారు ఉండి, ఇంట్లో సహనం ఉన్నవారికి.

1974 చివర నుంచి వచ్చిన నల్ల రబ్బరు బంపరు కార్లవారికి ఒక మాట. అమెరికా నిబంధనల కోసం ఆ కార్లను ఒకటి, ఒకటిన్నర అంగుళం పైకి లేపారు, మొదటి రెండేళ్లు రోడ్‌స్టర్లలో ముందు యాంటీ రోల్ బార్ కూడా తీసేశారు. మీ కారు ఊగుతోందంటే మొదటి అనుమానితుడు అదే. వంగి చూడండి, బార్ ఉందో లేదో. ఎత్తు తగ్గించడానికి పొట్టి స్ప్రింగులు వేసి వదిలేయకండి. కింది విష్‌బోన్ బయటి కొస పైకి లేచి ఉండేలా దించితే బండి పొట్టిదవుతుంది కానీ మలుపులో మునుపటికంటే ఎక్కువ ఒరుగుతుంది.

ఏ దారిలో వెళ్లినా, రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను చివరి బిగింపు బిగించేది కారు చక్రాల మీద నిలబడ్డాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది, నేల మీదికి దిగగానే మెలితిరిగి ఏడాదిలో చీలిపోతుంది. వంద మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి అన్ని బోల్టులూ చూడండి, అలైన్‌మెంట్ ఆ తర్వాత.

నేను చివరికి ముందు కాయిలోవర్ దగ్గర ఆగాను, కొత్త క్రాస్‌మెంబర్‌తో వచ్చే రకం. వెనక కొత్త కమాను పట్టీలే. పాత క్రాస్‌మెంబర్‌ను, ఇరుసు గూడు నిజంగానే బాగు చేయించిన లీవర్ షాకులతో సహా, నూనె గుడ్డ చుట్టి బల్ల కింద పెట్టాను. అమ్ముతావా అని ఇప్పటికి ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు.